సముద్ర దోసకాయ పిల్లల పెంపకం: వాట్సాప్ లెక్కల్లో తప్పులు

“పెరట్లో సిమెంటు తొట్టె, ఉప్పునీళ్లు, కాస్త బురద ఉంటే చాలు, సముద్ర దోసకాయ పిల్లలు వాటంతటవే పెరుగుతాయి, ఏడాది తిరిగేసరికి లక్షలు” అనే సందేశం చాలామంది వాట్సాప్‌లో పంచుకుంటున్నారు. సముద్ర దోసకాయ అంటే కూరగాయ కాదు, సముద్రం అడుగున ఉండే, దోసకాయ ఆకారపు మెత్తని జీవి. అందులోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

అన్నిటికన్నా ముందు చట్టం. మన దేశంలో 2001 నుంచి సముద్ర దోసకాయలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి కూడా ఉన్నది అందులోనే. పట్టినా, దగ్గర ఉంచుకున్నా, అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు. తూత్తుకుడిలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1988లోనే శాండ్‌ఫిష్ అనే సముద్ర దోసకాయ రకం పిల్లల్ని పుట్టించిన మాట నిజమే. అది పరిశోధన. దాన్ని చూపించి రైతు దగ్గర అడ్వాన్సు తీసుకోవడం దగా.

“బురదే మేత, ఖర్చు లేదు.” పెద్దవాటికి సరే, పిల్లలకు కాదు. వియత్నాం, ఫిలిప్పీన్స్ హేచరీల్లో శాండ్‌ఫిష్ లార్వా (గుడ్డు నుంచి వచ్చిన తొలిదశ పిల్ల) మొదటి రెండు వారాలు నీళ్లలో తేలుతూ బతికున్న సూక్ష్మ నాచునే తింటుంది. కీటోసెరోస్, ఐసోక్రైసిస్ లాంటివి విడిగా పెంచి, మిల్లీలీటరుకు 20,000 కణాలతో మొదలుపెట్టి 40,000 దాకా పెంచాలి. లార్వా మిల్లీలీటరుకు ఒకటి మించకూడదు. మించితే ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టి అడుగుకు పోతాయి. తర్వాత అవి అతుక్కోవడానికి డయాటమ్ అనే సూక్ష్మ నాచు పొర పట్టిన పలకలు గానీ, స్పైరులినా (నాచు పొడి) పూసిన పలకలు గానీ కావాలి. ఉత్త గోడల తొట్టెలో దిగవు. దిగినా 5 మి.మీ. దాకా బతికేవి నూటికి కొన్నే. వడకట్టని నీళ్లతో కోపిపాడ్లు (రొయ్య జాతి సూక్ష్మజీవులు) వస్తే అవి పలక మీది పొరంతా తినేసి, పిల్లల చర్మాన్నీ గీరి చంపుతాయి. అందుకే 1 మైక్రాన్ ఫిల్టరు.

“అమ్మే సైజుకు తొట్టెలోనే వస్తాయి.” రావు. 5 మి.మీ. దాటాక సన్నకన్ను హాపాల్లోకి (వల సంచుల్లోకి), గ్రాము బరువుకు వచ్చేసరికి ఇసుకలోకి మార్చాలి. తర్వాత చెరువో, సముద్రంలో వల కట్టిన ఆవరణో (పెన్) తప్పదు. చదరపు మీటరుకు 200–250 గ్రాములు దాటితే ఎదుగుదల ఆగిపోతుంది. 20 చదరపు మీటర్ల తొట్టెలో పట్టేది మహా అయితే 5 కిలోలు. అమ్మడానికి పేగులు తీసి, ఉడికించి, ఎండబెడితే మిగిలేది దాదాపు 5 శాతం, అంటే పావు కిలో. లక్షల లెక్క ఇక్కడే తేలిపోతుంది.

“ఖాళీ రొయ్యల చెరువుల్లో వేయొచ్చు.” వనామీ రొయ్య తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది. శాండ్‌ఫిష్‌కు 28–35 పీపీటీ (లీటరు నీళ్లకు సుమారు అన్ని గ్రాముల ఉప్పు) కావాలి. ఒక్క వానకు ఉప్పు 20 కిందికి పడితే చర్మం దెబ్బతిని చచ్చిపోతాయి. గోదావరి జిల్లాల్లో వానాకాలం ఎలా ఉంటుందో రైతులకు చెప్పనక్కర్లేదు.

“చైనాలో గదుల్లోనే పెంచుతున్నారు.” అక్కడి రకం వేరు, చల్లని నీటిది. 15–17 డిగ్రీల దగ్గర బాగా ఎదుగుతుంది, వేడెక్కితే మేత మాని ముడుచుకుంటుంది. షాన్‌డాంగ్‌లో గదుల్లో పెంచేది ముఖ్యంగా పిల్లదశనే. 2018 వేసవి ఎండకు లియావొనింగ్ చెరువుల్లో భారీగా చచ్చిపోయాయి. మన 30 డిగ్రీల నీళ్లకు ఆ ఉదాహరణ పనికిరాదు.

“కోస్తే రెండవుతాయి.” కొన్ని రకాలు వాటంతటవే విడిపోతాయి. శాండ్‌ఫిష్ అలా పెరగదు. కోసినది కుళ్లి తొట్టె నీళ్లన్నీ పాడుచేస్తుంది.