‘అడిగితే లేని ఆలోచన పుడుతుంది’ అనే మెసేజ్‌కు జవాబు

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడూ, ఎక్కడో ఒక పత్తి రైతు ప్రాణం తీసుకున్నప్పుడూ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంటుంది. దాని సారాంశం ఇది: ‘చచ్చేవాడు చెప్పడు, చెప్పేవాడు చావడు. ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టే. అనుకున్నవాణ్ణి ఎవరూ ఆపలేరు. ఆత్మహత్యలు ఆపడమెలాగో ఆశా కార్యకర్తలకు, టీచర్లకు, డ్వాక్రా మహిళలకు ట్రైనింగులివ్వడం దండగ, అది డాక్టర్ల పని. కలగజేసుకుంటే పోలీసు కేసులో ఇరుక్కుంటారు.’

పంపేవాళ్లలో చాలామంది మంచి ఉద్దేశంతోనే పంపుతారు. కానీ ఇందులోని ఒక్కో మాటా సాయం చేయగలిగిన మనిషిని వెనక్కి లాగేదే.

చెప్పేవాడు చావడన్నది పచ్చి అబద్ధం. ప్రాణం తీసుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందే ఎవరికో ఒకరికి ఏదో ఒక రకంగా చెప్పే ఉంటారు. మన ఇళ్లలో ఆ మాట సూటిగా రాదు. ‘నేను లేకపోతే మీకీ బాధలుండవు’ అంటాడు. భార్యకు పిల్లల గురించి అప్పగింతలు పెడతాడు. రోజూ రచ్చబండ దగ్గర కూర్చునే మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు. ‘ఏదో కోపంలో అన్నాడులే’ అని మనం వదిలేస్తాం. అలా వదిలేయొద్దన్నదే ఆ శిక్షణలో మొదటి పాఠం.

ఇక అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, మిగతా సగాన్ని అడగలేదు. ఆ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్లలో బాధగానీ, అలాంటి ఆలోచనలుగానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల కాస్త ఊరటే కలిగినట్టు తేలింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలూ దాదాపు ఇదే చెప్పాయి.

నిజానికి అడగడమే కష్టం. శిక్షణలో ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఈ ప్రశ్నను సాధన చేస్తారు. మొదట్లో చాలామంది ‘పిచ్చి పిచ్చి ఆలోచనలేం రావట్లేదు కదా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ‘లేదు’ తప్ప వేరే జవాబు ఎవరిస్తారు? ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని అడగాలి. ఆ మాట గొంతు దాటి రావడానికి నాలుగైదు సార్లు పడుతుంది. వచ్చాక అవతలి మనిషి అవునంటే ఏం చేయాలన్నది తర్వాతి మెట్టు. ‘నీకేం తక్కువ, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా’ అనకూడదు. మధ్యలో ఆపకుండా వినాలి, ఒంటరిగా వదలకూడదు, సాయం అందేదాకా తోడుండాలి. ఇవన్నీ డాక్టరు చదువు అక్కర్లేని పనులే.

డాక్టర్ల పని అనేవాళ్లు ఒక్క లెక్క చూడాలి. మన దేశంలో లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్ట్ కూడా లేరు. ఉన్నవాళ్లూ ఎక్కువగా పట్నాల్లోనే. మండల కేంద్రంలో ఆ డాక్టరు దొరకడు, ఆశా కార్యకర్త మాత్రం వీధిలోనే ఉంటుంది. జింబాబ్వే రాజధాని హరారేలో 2006 నుంచి క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చుని, శిక్షణ పొందిన బామ్మలు డిప్రెషన్‌తో వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నారు. 2016లో వచ్చిన పరిశోధన ఫలితాల్లో వాళ్ల దగ్గర కూర్చున్నవాళ్లకు మామూలు వైద్యం పొందినవాళ్లకంటే మెరుగ్గా ఉంది. జబ్బు ముదిరినవాళ్లను డాక్టరు దగ్గరికి పంపడం కూడా ఆ శిక్షణలో భాగమే.

అనుకున్నవాణ్ణి ఎవరూ ఆపలేరన్నదీ నిజం కాదు. చావాలన్న ఉద్ధృతి చాలామందిలో కొన్ని గంటలే ఉంటుంది, అది దాటితే బతుకుతారు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని దశలవారీగా నిషేధించాక, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. పల్లెల్లో ఇచ్చే శిక్షణలో పురుగుమందు డబ్బాల్ని ఇంట్లో పెట్టుకోవద్దని, తాళం వేసి దూరంగా ఉంచమని చెప్పేది ఇందుకే. అప్పులు, గిట్టుబాటు ధర, కౌలు రైతు గోడు వీటితో తీరవు. అవి ప్రభుత్వం తీర్చాల్సినవే, అడగాల్సిందే. కానీ అవి తీరేదాకా మనిషి బతికుండాలి కదా.

కేసు సంగతికొస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీలోని 309 లాంటి సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగి విధులు అడ్డుకోవడానికి అలా చేస్తే తప్ప నేరం కాదు. ఆస్పత్రి నుంచి పోలీసులకు కబురు వెళ్లొచ్చు, వాళ్లొచ్చి నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. వాళ్లకు భయపడి ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్లడంలోనే ప్రాణం పోతుంది.

ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే, దాని కింద ఈ నంబరు పెట్టండి: 14416. టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బాధలో ఉన్నవాళ్లే కాదు, పక్కింటి మనిషి గురించి టెన్షన్ పడేవాళ్లూ చేయొచ్చు.