నీలం గుర్తు ఎండాకాలానికే
దక్షిణ ఫ్రాన్స్‌లోని సేవెన్ కొండల్లో నీలం గుర్తున్న మౌంటెన్ బైక్ (కొండదారుల్లో తొక్కే సైకిల్) దారుల్ని కొత్తవాళ్లు కూడా హాయిగా తొక్కేయొచ్చని మీ వ్యాసంలో రాశారు. ఎండాకాలం వరకైతే ఒప్పుకుంటాను. అక్కడ ఈ దారులకు తేలిక నుంచి కష్టానికి ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని నాలుగు స్థాయిలు. త్రికోణం, రెండు గుండ్రాలు ఉన్న బోర్డు చూసుకుంటూ పోవాలి. కానీ రంగు కష్టం ఎంతో చెబుతుంది గానీ వాన సంగతి చెప్పదు కదా! మేం వెళ్లింది అక్టోబర్‌లో. ముందురోజు పడ్డ వానకి పలకరాళ్లు సబ్బు రాసినట్టు ఉన్నాయి. పైన చెస్ట్‌నట్ ఆకులు పరుచుకుని ఏది రాయో ఏది మట్టో తెలియలేదు. పడ్డం కూడా ఆ కాయల ముళ్ల డొప్పల మీదే పడ్డాను. చేతిలో ముళ్లు తీసుకోవడానికే సాయంత్రమంతా సరిపోయింది. కిందికి సగం దూరం సైకిళ్లు నడిపించుకుంటూనే వచ్చాం. శరదృతువులో మధ్యధరా సముద్రం మీది తేమగాలి ఈ కొండలకు తగిలి ఒక్కోసారి కుండపోతగా కురుస్తుంది. పైగా అది అడవిపందుల వేట కాలం. మర్నాడు దారి మొదట్లోనే వేట జరుగుతోందన్న బోర్డు కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి తిరిగాం. ఈ రెండు ముక్కలూ వ్యాసంలో ఉండాల్సింది.