సవరణ: తిమోతి పత్రికలోని 'లాభం' కెర్డోస్ కాదు

బైబిల్ కొత్త నిబంధనలో తిమోతికి రాసిన మొదటి పత్రిక (ఉత్తరం), అంటే 1 తిమోతి 6:6లో, 'లాభం' అన్నచోట మూలంలోని గ్రీకు మాట 'కెర్డోస్' అని మొన్న రాశాను. తప్పు నాదే, క్షమించాలి. అక్కడున్నది 'పోరిస్మోస్'. ఫిలిప్పీ 1:21లో "చావైతే లాభము" అన్నచోట ఉన్నది కెర్డోస్. రెంటినీ కలిపేశాను.

పోరిస్మోస్‌కు మూలం 'పోరోస్'. అంటే ఏరు దాటే రేవు, అవతలికి దారి. దాన్నుంచి 'పోరిజో', సమకూర్చడం. అంటే ఇది చేతికొచ్చిన లాభం కన్నా, లాభం వచ్చే మార్గం. మన పాత తెలుగు బైబిల్లో "గొప్ప లాభసాధనమైయున్నది" అని ఉంది. ఆ 'సాధనం' అన్న మాటను నేనే గమనించకుండా దాటేశాను!

కెర్డోస్‌కు పాత గ్రీకులో జిత్తు అనే అర్థమూ ఉంది. నక్కను 'కెర్డో' అనేవాళ్లు. తీతు 1:11లోని "దుర్లాభము" మాత్రం కెర్డోసే. మొన్న ఆ ముక్క సరిగ్గానే రాశాను.