మీకేంటమ్మా, ఇద్దరి జీతాలు!

పొద్దున్నే ఓనర్ ఫోన్. "వచ్చే నెల నుంచి రెండున్నర వేలు పెంచుతున్నామమ్మా, అందరూ ఇస్తున్నారు." ఎవరా అందరూ? ఒక్కసారి చూపిస్తే దండం పెట్టుకుంటా. మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఇంటికి ఇప్పటికే 24 వేలు, మెయింటెనెన్స్ 3 వేలు. ఎండాకాలం వస్తే ట్యాంకర్ల డబ్బులు వేరే.

కడుపు మండి ఫ్యామిలీ గ్రూప్‌లో "మిడిల్ క్లాస్ బతుకులు ఇంతే" అని పెట్టాను. నాదే బుద్ధి తక్కువ. రెండు నిమిషాల్లో భీమవరం నుంచి అన్నయ్య జవాబు: "ఇద్దరూ కలిసి లక్షా పదివేలు తెస్తూ మిడిల్ క్లాసేంటమ్మా, మీరు రిచ్!" పక్కన పగలబడి నవ్వే బొమ్మలు నాలుగు. దానికి వదిన లైకు.

లక్షా పదివేలట! అద్దె, పిల్లల ఫీజులు, స్కూల్ బస్సు, అత్తయ్య మందులు పోయాక ఇరవయ్యో తారీకుకి కర్రీ పాయింట్‌లో పప్పు ప్యాకెట్ కూడా ఆలోచించి కొనాలి. అన్నయ్యకి ఇల్లు సొంతం, బియ్యం సొంతం, పాలు ఎదురింటి గేదెవి, కొబ్బరికాయలు పెరట్లో రాలతాయి. మేం కరివేపాకు కూడా యాప్‌లో కొంటాం. కూరగాయలతో పాటు కొసరుగా రెండు రెబ్బలు వేసేవాళ్లు గుర్తున్నారా? పోయారు.

ప్రభుత్వానిదీ మా అన్నయ్య లెక్కే. 2019లో ఈడబ్ల్యూఎస్, అంటే అగ్రవర్ణ పేదల రిజర్వేషన్ తెచ్చారు. ఆదాయం హద్దు ఏడాదికి 8 లక్షలు. భీమవరంలోనూ 8 లక్షలే, మియాపూర్‌లోనూ 8 లక్షలే. మా జీతాలు ఆఫీసు ఇచ్చే పన్ను కాగితం ఫారం 16లో పైసలతో సహా కనిపిస్తాయి. అన్నయ్య రొయ్యల చెరువు లెక్క ఎవరు చూడొచ్చారు? మేనల్లుడికి సర్టిఫికెట్ వచ్చింది, మావాడికి రాదు. వాడంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి. తెలంగాణలో రేషన్ కార్డుకి మాత్రం పల్లెకి లక్షన్నర, పట్నానికి 2 లక్షలు అని తేడా చూపించారు, పాపం. ఆ యాభై వేలు మా ఓనర్‌కి రెండు నెలల అద్దె.

అసలు ఈ "మీకేంటమ్మా" ఇవాళ్టిది కాదు. నాన్న పోయాక పంపకాలప్పుడూ ఇదే మాట. "జీతం ఉందిగా, ఆ ఎకరం నీకెందుకు" అని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించారు. ఆంధ్రాలో ఆడపిల్లకి సమాన వాటా చట్టం 1986లోనే వచ్చింది. చట్టం తెలియక పెట్టలేదు సంతకం, అన్నయ్య మొహం చూసి పెట్టాను. బదులుగా ఒక పట్టుచీర. ఆ ఎకరమే ఇప్పుడు చెరువు. దాని మీద ఏటా ఎంతొస్తుందో నాకెవరూ చెప్పరు, నేను రిచ్ కదా.

ఇది రాస్తుండగానే అన్నయ్య మెసేజ్: "రామాలయం చందాకి నీ పేరు మీద 10,116 రాశానమ్మా. ఫోన్‌పే చెయ్యి."

చూశాను. బ్లూ టిక్కులు కూడా పడ్డాయి. పడనీ.