మా మామ్మ చోడి అంబలి

ఒకరు తమ నాయనమ్మ గురించి రాస్తూ, గడప తొక్కినవాళ్లెవరినీ ఆవిడ తినకుండా పంపేది కాదన్నారు. చదువుతూ అక్కడే ఆగిపోయాను. మా మామ్మా అంతే. మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది. మామ్మ పుట్టిల్లు, పక్కనే ఉన్న పాతపట్నం, మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. మధ్య దూరం ఏపాటిదని! ఆవిడకి మాత్రం రెండూ ఒకటే ఊరు.

సంత రోజు కొండల్లో ఉండే సవర తెగ ఆడవాళ్లు విస్తళ్లు కుట్టే అడ్డాకులు, చింతపండు తలమీద పెట్టుకుని చీకటితోనే కొండ దిగేవారు. వాళ్ల కోసం మామ్మ ముందురోజు రాత్రే చోడి (రాగి) అంబలి కాచి ఉంచేది. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అడ్డాకులకి బేరం ఆడేది కాదు, మమ్మల్నీ ఆడనిచ్చేది కాదు. వాళ్లతో నాలుగు సవర మాటలు, పక్కింటివాళ్లతో ఒడియా, మాతో తెలుగు. బడి మొహం చూడని మనిషి!

గుణుపురంలో మా మేనత్త పురుటికి సున్నుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని చిన్న రైల్లో వెళ్లింది. రైలుపెట్టెలో ఉన్న పిల్లలందరికీ పంచేసి, సగం డబ్బాతో దిగిందని అత్త ఇప్పటికీ చెబుతుంది. 2004లో సన్న పట్టాల మీద నడిచే ఆ నేరోగేజి బండి ఆగిపోతే మామ్మ ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడింది.

ఆఖరి రోజుల్లో మంచంలోంచి లేవలేకపోయినా, వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు, "ఎవరమ్మా, తిన్నావా?" అని అడిగేది. ఆ అంబలి కుండ మా ఇంట్లోనే ఉంది. ఎండాకాలం వస్తే అమ్మ అందులోనే కాస్తుంది.