చిన్న దుకాణానికి ఇంటర్నెట్ అక్కర్లేదన్న వాదన నిలవదు

చిన్న వ్యాపారుల మధ్య ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. మంచి సరుకు ఉంటే నోటిమాటే చాలని, ఇంటర్నెట్ పెద్ద కంపెనీల రంగమని, అందులో దిగితే ఖర్చే తప్ప రాబడి ఉండదని, పైగా ఒక్క చెడ్డ సమీక్షతో ఏళ్ల తరబడి సంపాదించిన పేరు పోతుందని దాని సారాంశం. దీన్ని నమ్మి ఎందరో కష్టజీవులు తమ ముంగిటికి రాబోయే కొనుగోలుదారులను చేజేతులా వదులుకుంటున్నారు కనుక ఒక్కొక్క మాటనూ పరిశీలించక తప్పదు.

నోటిమాట విలువను నేను కాదనను. అయితే ఫలానా చోట పని బాగుంటుందని విన్న మనిషి ఇవాళ చేసే మొదటి పని ఫోన్ తీసి ఆ పేరు వెతకడం. దారి, పనివేళలు, ఫోన్ నంబరు అక్కడ దొరకకపోతే, లేదా దొరికినవి తప్పయితే, ఆ సిఫారసు ఫలం పక్కన కనిపించిన మరొకరికి దక్కుతుంది.

పెద్ద కంపెనీల రంగమన్న మాట అన్నిటికన్నా బలహీనమైనది. దగ్గరలోని వ్యాపారాల కోసం వెతికినప్పుడు వచ్చే ఫలితాల వరుసను, వెతికినదానికి తగినట్టుండడం, దూరం, ప్రాముఖ్యం అనే మూడు అంశాలు ప్రధానంగా నిర్ణయిస్తాయని గూగుల్ బహిరంగంగానే చెబుతుంది. వీటిలో దూరం దగ్గరలో ఉన్నవారికి సహజంగానే అనుకూలం. అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్లను పరిశీలించి హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆర్థికవేత్త మైఖేల్ లూకా 2011లో వెలువరించిన అధ్యయనం మరింత స్పష్టమైనది. వినియోగదారులు సమీక్షలు రాసే యెల్ప్ వెబ్‌సైట్‌లో రేటింగు ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగిందని, ఆ లాభం స్వతంత్ర రెస్టారెంట్లకే దక్కిందని, అనేక శాఖలున్న గొలుసు సంస్థలపై ఆ ప్రభావం కనిపించలేదని అందులో తేలింది. దీని కారణం ఊహించదగినదే. గొలుసు సంస్థ బోర్డు చూడగానే లోపల ఏముంటుందో అందరికీ తెలుసు. పేరు తెలియని చిన్న సంస్థ విషయంలోనే ముందు వెళ్లినవారి అనుభవం కొత్తవారికి ధైర్యమిస్తుంది.

ఖర్చు సంగతికి వస్తే, గూగుల్‌లో వ్యాపార వివరాలు నమోదు చేసుకోవడం ఉచితం. పెట్టవలసింది ముఖ్యంగా సమయం.

చెడ్డ సమీక్ష భయం మాత్రం సహేతుకమైన భయం, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. కానీ యజమాని నమోదు చేయకపోయినా గూగుల్ మ్యాప్స్‌లో ఎవరైనా ఆ స్థలాన్ని చేర్చవచ్చు, దానిపై సమీక్ష రాయవచ్చు. అంటే దూరంగా ఉన్నంత మాత్రాన విమర్శ ఆగదు. యజమాని హోదాలో జవాబిచ్చే అవకాశం మాత్రమే పోతుంది. మర్యాదగా, జరిగినది ఒప్పుకుంటూ రాసిన నాలుగు వాక్యాల జవాబును ఆ ఫిర్యాదు చదివిన ప్రతివారూ చదువుతారు.

ఆ సందేశంలో లేని ఒక అసలు ప్రమాదం ఉంది: ఒకే వేదికను నమ్ముకోవడం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ సుమారు 6 గంటలు ఆగిపోయాయి. తన దగ్గర నమోదైన వ్యాపార వివరాల పేజీల (ప్రొఫైళ్ల) ద్వారా రూపొందించిన ఉచిత వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసివేసింది. అందువల్ల సొంత డొమైన్ (వెబ్ చిరునామా)పై ఒక్క పేజీ అయినా ఉంచుకోవాలి, అనుమతి ఇచ్చిన వినియోగదారుల నంబర్లను తన పుస్తకంలోనూ రాసుకోవాలి.