చలి చాటున మురుగు

మురుగునీటి శుద్ధి సరిగా సాగడం లేదేమని అడిగితే, చలికాలం కదా అన్న జవాబు మన జిల్లాల్లో వినిపించడం మొదలైంది. నాగావళిలోకి దిగుతున్న నీటి నలుపునూ, ఒడ్డున నిలబడనివ్వని దుర్గంధాన్నీ పాఠకులకు వర్ణించి చెప్పనక్కరలేదు. కొత్తగా వచ్చింది ఈ జవాబే. దీన్ని ఒక్క ఏడాది చెల్లనిస్తే, ధనుర్మాసం రాగానే నిబంధనలకు సెలవు ఇచ్చుకునే ఆనవాయితీ స్థిరపడిపోతుంది. శ్రీకాకుళమైనా, విజయనగరమైనా ఆ ఆనవాయితీని భరించలేవు.

మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవుల పని చలికి మందగిస్తుందన్నది నిజం. సిబ్బంది కొరత, కరెంటు బిల్లుల భారం ఉన్నాయన్నదీ కాదనలేని మాటే. శాస్త్రాన్ని సగం చెప్పి ఆపడం పైనే మా అభ్యంతరం. మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, చలికి అదే ముందుగా డస్సిపోతుంది. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే దాని వేగం సుమారు సగానికి పడిపోతుంది. నీరు 5 డిగ్రీల దరికి చేరితే పని దాదాపు నిలిచిపోతుంది. బురద అడుగుకు దిగడమూ ఆలస్యమవుతుంది. అయితే ఇక్కడ లెక్కలోకి వచ్చేది శుద్ధి కేంద్రం తొట్టిలోని నీటి ఉష్ణోగ్రత, తెల్లవారుజామున ఒంటికి తగిలే గాలి కాదు. ఇళ్ల నుంచి వచ్చే మురుగు శీతకాలంలో బయటి గాలికన్నా సాధారణంగా వెచ్చగానే ఉంటుంది. సముద్రానికి చేరువలో ఉన్న ఈ రెండు పట్టణాల్లో జనవరి రాత్రుల్లో సైతం ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల పైనే ఉంటుంది. లంబసింగి చలిని శ్రీకాకుళం తొట్లకు అంటగట్టడం ఏ శాస్త్రం?

నిజంగా గడ్డకట్టే చలి ఉన్న దేశాలు ఏం చేశాయో చూడాలి. ఐరోపా సమాఖ్య 1991లో తెచ్చిన పట్టణ మురుగునీటి ఆదేశం, నీటిలో అమ్మోనియాగా, నైట్రేటుగా ఉండే నత్రజనిని రోజువారీ సగటులతో తనిఖీ చేసేటప్పుడు చలికి వెసులుబాటు ఇచ్చింది. దానికి గీసిన గీత తొట్టిలో 12 డిగ్రీలు, అంతకు దిగువనైతేనే వెసులుబాటు. సూక్ష్మజీవులతో చేసే జీవ శుద్ధి విషయంలోనే చలి కారణంగా సడలింపు కావాలంటే ఆ పట్టణం 1,500 మీటర్లకు పైబడిన కొండల్లో ఉండాలి, తక్కువ శుద్ధితో వదిలిన నీటివల్ల పర్యావరణానికి హాని లేదని లోతైన అధ్యయనాలతో నిరూపించాలి. మన కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ మహానగరాలు, రాష్ట్ర రాజధానులు కాని పట్టణాలకు బీఓడీ (నీటిలోని మలినాలు కుళ్లడానికి ఖర్చయ్యే ప్రాణవాయువు కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆ పరిమితిని 10కి బిగించింది. కేంద్రం నోటిఫికేషన్‌లో డిసెంబరుకు ఒక అంకె, మే నెలకు మరో అంకె లేవు. చట్టం ఇవ్వని సడలింపును నోటిమాటతో ఇచ్చుకునే అధికారం ఎవరికి ఉంది?

చలి చేసే మేలును మాత్రం ఎవరూ ప్రస్తావించరు. 30 డిగ్రీల నీరు లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటే, 20 డిగ్రీల నీరు 9 మిల్లీగ్రాములకు పైగా పట్టుకుంటుంది. తొట్టిలోకి గాలి కొట్టే బ్లోయర్లు తిరుగుతూ ఉంటే మే నెలలోకన్నా జనవరిలోనే నీటికి ప్రాణవాయువు తేలిగ్గా అందాలి. అందడం లేదంటే బ్లోయర్లు ఎన్ని గంటలు తిరిగాయో, ఎన్ని గంటలు ఆపేశారో లాగ్‌బుక్ తెరిచి చూడాలి. చలికి తట్టుకునే మార్గం కూడా కొత్తదేమీ కాదు. దీపావళి నాటి నుంచే బాక్టీరియా ఉండే బురదను తీసిపారేయడం తగ్గించి, తొట్టిలో బాక్టీరియా నిల్వను పెంచుకోవాలి. ఒకసారి కొట్టుకుపోయిన ఆ బాక్టీరియా మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది కనుక, సంక్రాంతికి మేలుకొని చేయగలిగింది పెద్దగా ఉండదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది నది సంగతి. వానలు వెనుదిరిగాక నాగావళి, చంపావతి సన్నబడతాయి. వరద రోజుల్లో పలుచబడి పోయే మురుగు ఇప్పుడు చిక్కగానే దిగువకు చేరుతుంది. మధ్యాహ్నపు ఎండకు నాచు పెరిగి నీటి క్షారగుణం హెచ్చితే, శుద్ధి కాని అమ్మోనియా చేపలకు మరింత విషమవుతుంది. కార్తికంలో స్నానాలు చేసేదీ, కల్లేపల్లి దగ్గర సాగరసంగమంలో వలలు వేసేదీ ఆ నీటిలోనే. శుద్ధి మరింత గట్టిగా సాగవలసిన నెలలనే సడలింపు నెలలుగా మార్చుకోవడం మన్నించరానిది.

ఈ సాకు ఇక్కడితో ఆగుతుందనుకోవడం అమాయకత్వం. చలి చెల్లితే వానాకాలంలో వరదనీరు కలిసిందంటారు, వేసవిలో కరెంటు లేదంటారు, ఏడాదంతా సడలింపుగానే గడిచిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రచురించిన లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,200 కోట్ల లీటర్లకు పైగా మురుగు పుడుతుంటే, వాస్తవంగా శుద్ధి అవుతున్నది 2,000 కోట్ల లీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ తేడా అంతా చలివల్లనే వచ్చిందా?

ప్రతి శుద్ధి కేంద్రం గేటు దగ్గర ఆ రోజు తొట్టిలోని ఉష్ణోగ్రత, బయటికి వదిలిన నీటిలోని బీఓడీ, అమ్మోనియా, బ్లోయర్లు తిరిగిన గంటలు బోర్డు మీద రాసి పెట్టాలని ఈ పత్రిక డిమాండ్ చేస్తోంది. థర్మామీటరు కొనలేనంత పేదరికంలో ఏ పురపాలక సంస్థా లేదు. తొట్టిలో నీరు 12 డిగ్రీలకు పడిపోయిన రోజున చలి గురించి చెప్పండి, వింటాం. ఒక్కసారైనా ఆ నీటి వేడిని కొలవనివారు చలిని నిందించి నదిలోకి మురుగు వదలడం సిగ్గుచేటు.